ఎండకు వెళ్లొద్దన్నారు, మరి డి విటమిన్ ఎక్కడ తెచ్చుకోవాలి?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో టీచర్‌ని. ఏడేళ్లుగా లూపస్ అనే జబ్బుతో నెట్టుకొస్తున్నాను. మొన్న జనవరిలో ఒక ఆసుపత్రి ఓపీ క్యూలో నిలబడితే, సరిగ్గా నా తల మీద గోడకి పోస్టర్: రోజూ కాసేపు ఎండలో నిలబడండి, డి విటమిన్ ఉచితంగా పొందండి. దాని కింద నేను ఫుల్ హ్యాండ్స్ చుడీదార్, ముఖానికి స్కార్ఫ్, చేతిలో గొడుగు. చలికాలంలో గొడుగేంటమ్మా అని వెనకున్న పెద్దమ్మ నవ్వింది. ఆమెకేం తెలుసు? నాకు ఎండ తగిలితే బుగ్గలు ఎర్రగా కందిపోతాయి. రెండు రోజుల్లో వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి చాక్‌పీస్ కూడా పట్టుకోలేను.

లూపస్ అంటే కంచే చేను మేయడం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే కీళ్ల మీదా, చర్మం మీదా, కిడ్నీల మీదా పడతాయి. ఈ జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. ఆ కణాల్లో డి విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు ఉంటాయి, ఆ కణాల దూకుడుకు పగ్గం వేసేవాటిలో ఈ విటమినూ ఒకటి. మాకేమో ఎండ నిషేధం. పైగా ఈ జబ్బుకు వాడే స్టెరాయిడ్లు ఎముకల్ని గుల్ల చేస్తాయి. కిడ్నీ బాగా దెబ్బతింటే ఉన్న కాస్త విటమిన్‌నీ ఒంటికి పనికొచ్చేలా మార్చుకోలేం.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు వెయ్యిమందికి పైగా లూపస్ రోగులను గమనించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రక్తంలో డి విటమిన్ తక్కువున్నవాళ్లలో అది మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు పెరిగితే, జబ్బు ఉధృతంగా ఉండే అవకాశం 21 శాతం తగ్గిందట. విటమిన్ ఇచ్చి చూసిన ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పలేదు, నిజమే. ఇదే లూపస్‌కు మందని నేను అనను. లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు మానేసి ఇది వేసుకోమని వాట్సాప్‌లో వస్తే అసలు నమ్మకూడదు. కానీ ఎముకల కోసమైనా మాకిది కావాలి కదా.

రక్తపరీక్షలో నా డి విటమిన్ 9 వచ్చింది. 20 కంటే తగ్గితేనే లోపం అంటారు. మా దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్ష ఇక్కడ చేయం అన్నారు, బయట ల్యాబ్‌లో 1,400 రూపాయలు తీసుకున్నారు. నా జీతం 14,000. హైదరాబాద్ వెళ్లడానికి మీ ప్రభుత్వం బస్సు ఫ్రీ చేసింది, కాదనను. మా ఖర్చు బస్సు దిగాకే మొదలవుతుంది.

ఇంకోటి. వారానికొకటి తాగాల్సిన 60,000 యూనిట్ల డి విటమిన్ సాచెట్‌ను మా వీధిలో ఒకావిడ రోజూ పాలల్లో కలుపుకుని తాగింది. నెలలు గడిచేసరికి రక్తంలో కాల్షియం పెరిగిపోయి, వాంతులతో ఆసుపత్రిలో పడింది. షాపులో ఎవరూ చెప్పలేదు, సాచెట్ మీద అంతా ఇంగ్లీషే.

అందుకే అడుగుతున్నాను. ప్రభుత్వాసుపత్రుల్లో లూపస్ రోగులకు కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చేసేటప్పుడే, ఏడాదికి రెండుసార్లు డి విటమిన్ కూడా ఉచితంగా చూడండి. స్టెరాయిడ్ ఇచ్చే కౌంటర్‌లోనే సాచెట్లూ ఇప్పించండి, కవరు మీద "వారానికి ఒక్కటే" అని తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి.

ఆ పోస్టర్‌ని తీసేయమనను. మిగతావాళ్లకు అది మంచి మాటే. కింద ఒక్క లైను చేర్పించండి చాలు: "ఎండ పడనివాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి."

ఇట్లు,
ఒక లూపస్ రోగి,
ఖమ్మం జిల్లా