జిరాక్స్ షాపు తమ్ముడికి

చెన్నై టీ నగర్‌లో, పానగల్ పార్కు దగ్గర జిరాక్స్ షాపులో ఉన్న తమ్ముడూ, నీ పేరు అడగడం మరిచాను. నీకు తెలుగు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తారని రాస్తున్నా.

నవంబరు వానకు తడిసి అట్టకట్టిన ఆ నోట్‌బుక్ మా బాబాయిది. ఆయన పోయి అప్పటికి 13 రోజులు. పెళ్లి పీటల మీద పంతులుగారిని కూడా బొమ్మ గీసి నవ్వించిన మనిషి. నువ్వు పేజీల మధ్య న్యూస్‌పేపరు ముక్కలు దూర్చి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఒక్కొక్కటే విడదీసి స్కాన్ చేశావు. ఇంకు పెన్ను బొమ్మలు అలుక్కుపోయాయి, బాల్‌పెన్‌వి నిలిచాయి. (ఇంకు పెన్నే గొప్పదని మాతో ఎంత వాదించేవాడో!)

ఆ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రెండు చేతులా చీరల సంచులు మోస్తున్న బొమ్మ చూసి పకపకా నవ్వావే, పిన్ని దానికే ఫ్రేమ్ కట్టించింది. డబ్బులు వద్దన్నావు. ఈసారి వచ్చినప్పుడు కాఫీ అయినా తాగాలి, చెప్పేస్తున్నా.