ఖాళీ లారీ మీద నేర్చుకుంటే సగమే వచ్చినట్టు

సంపాదకులకు నమస్కారం.

లారీ నేర్పే చోట్ల చాలావరకు బండి ఖాళీగానే ఉంటుంది. డీజిల్ తక్కువ తాగుతుంది, క్లచ్చి మన్నుతుంది, నేర్చుకునేవాళ్లకు భయం ఉండదు. పరీక్షకూ ఆ ఖాళీ బండే వెళుతుంది. లైసెన్సు చేతికొచ్చాక ఎక్కేది మాత్రం నిండా లోడున్న బండి. పైకి రెండూ ఒకే లారీ, నడకలో రెండూ వేరు. ఆ తేడా పక్కన గురువు కూర్చుని ఉండగానే తెలియాలి, పరీక్ష కూడా లోడు మీదే జరగాలి అన్నది మా గట్టి అభిప్రాయం.

ఖాళీగా 10 టన్నులున్న లారీ సరుకెక్కాక 28 టన్నులు తూగిందనుకుందాం. అదే వేగంలో ఆపాలంటే బ్రేకులు దాదాపు మూడింతల శక్తిని వేడిగా మార్చాలి. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలవుతుంది. అలాగని ఖాళీ లారీ ఇట్టే ఆగుతుందనుకోవడమూ పొరపాటే. బ్రేకులు నిండు బరువుకు సరిపోయేలా తయారై ఉంటాయి. మీద బరువు లేనప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు రోడ్డును పట్టుకోక ఎగిరెగిరి పడతాయి. చక్రాలు బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ లేని బండైతే బిగుసుకుని జారతాయి, తడి రోడ్డు మీద వెనక భాగం పక్కకు తిరుగుతుంది. ఖాళీకి అలవాటుపడిన కాలు లోడుకు చాలదు, లోడుకు అలవాటుపడిన కాలు ఖాళీకి ఎక్కువవుతుంది.

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరికేమీ కాదు. యూరోపియన్ యూనియన్ 2006లో తెచ్చిన డ్రైవింగ్ లైసెన్సు ఆదేశంలో, పెద్ద లారీ పరీక్షకు తెచ్చే బండి కనీసం 8 మీటర్ల పొడవుండాలని, పరీక్షప్పుడు దాని అసలు బరువు 10 టన్నులకు తగ్గకూడదని పెట్టారు. ట్రైలర్ తగిలించిన బండైతే 15 టన్నులు. లోడంటే సరుకే కానక్కర్లేదు. వెయ్యి లీటర్ల నీటి ట్యాంకు నిండితే ఒక టన్ను, 50 కిలోల ఇసుక బస్తాలు ఇరవై పేరిస్తే ఒక టన్ను. ట్యాంకులైతే అంచుదాకా నింపాలి. సగం నింపితే బ్రేకు వేసినప్పుడు నీళ్లు అలలా ముందుకొచ్చి గోడకు కొట్టుకుంటాయి, ఆగిన బండిని మళ్లీ ముందుకు తోస్తాయి. టాంకరు నడపబోయేవాళ్లు ఆ దెబ్బ ఎలా ఉంటుందో తెలుసుకోవడం మంచిదే గానీ, అది మొదటి వారంలో కాదు. బస్తాలైనా ట్యాంకులైనా బెల్టులతో బిగించి కట్టాలి. బరువంతా ఒక మూలకు కాకుండా తొట్టి మధ్యలో, నేలకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

ఇక నేర్పే వరుస. స్టీరింగ్ పట్టుకునే ముందు గాలి సంగతి రావాలి. పెద్ద లారీ బ్రేకు గాలితో పనిచేస్తుందని అందరికీ తెలుసు. హ్యాండ్ బ్రేకు మాత్రం గాలితో పట్టదు, గాలి పోతే పడుతుంది. చక్రం దగ్గరుండే బ్రేకు డబ్బాలో, అంటే చాంబరులో, ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది, గాలి దాన్ని నొక్కి వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి తగ్గితే స్ప్రింగు విప్పుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ఇది తెలియక, పొద్దున్నే గాలి ఎక్కకముందే బండి కదలడం లేదని రేస్ చేసి క్లచ్చి కాల్చేవాళ్లున్నారు. ఆ చాంబరు బోల్టులు మాత్రం ఎవరూ సొంతంగా విప్పకూడదు. లోపలి స్ప్రింగు ఎగిరితే మనిషి మిగలడు.

గాలి పరీక్ష చేతులారా చేయించాలి. నేల చదునుగా ఉన్నచోట చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి ఇంజను స్టార్ట్ చేయాలి. మీటరులో ముల్లు ఎక్కుతూ పోయి, లారీని బట్టి 7 నుంచి 10 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఆగుతుంది, కింద ‘ఫుస్స్’మని గాలి వదిలిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు రాకుండా ముల్లు పెరుగుతూనే ఉంటే గాలి ఒత్తిడిని అదుపులో ఉంచే గవర్నరు పాడైనట్టు. తర్వాత ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు విడిచి, కాలి బ్రేకు నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోవాలి. నొక్కగానే ముల్లు కాస్త దిగడం మామూలే. ఆ తర్వాతి నిమిషంలో 0.2 బార్ కంటే, ట్రైలర్ ఉంటే 0.3 బార్ కంటే ఎక్కువ దిగితే ఎక్కడో లీకుంది. కిందికి వంగి పైపుల వెంట చెవి పెడితే అది సన్నగా ఈలేస్తూ దొరుకుతుంది. ఆ తర్వాత బ్రేకును వరసగా తొక్కుతూ గాలి దించాలి. 4 బార్‌కు దిగేలోపే బజర్ మోగి ఎర్రదీపం వెలగాలి. ఇంకా తొక్కుతూ పోతే స్ప్రింగు బ్రేకు దానంతటదే పట్టేయాలి. ఇదంతా పదినిమిషాల పని. బజర్ పనిచేయని లారీకి గాలి పోతున్న సంగతి చెప్పేవాళ్లే ఉండరు.

చివరగా గాలి ట్యాంకుల కింద డ్రెయిన్ రింగు లాగి నీళ్లు వదలాలి. కంప్రెసర్ తోసిన గాలిలోని తేమ చల్లారి అక్కడ చేరుతుంది. వచ్చే నీళ్లు చిక్కగా, నూనెతో కలిసి ఉంటే కంప్రెసర్ అరిగిందన్న అనుమానం పెట్టుకోవాలి.

బండి చుట్టూ తిరిగి చూడటం గురించి క్లుప్తంగా రెండు మాటలు. జంట టైర్లలో లోపలిదాన్ని చూసేవాళ్లు తక్కువ. అది గాలి పోయి కూర్చుంటే బయటిదాని మీద మొత్తం బరువు పడి, వేడెక్కి పేలుతుంది. ఇనుప రాడ్డుతో రెండింటినీ ఒకే తీరుగా కొట్టి చూడాలి. గాలున్న టైరు రాడ్డును ఎగరగొడుతుంది, లేనిది ధబ్బుమని మొద్దుగా పలుకుతుంది. రెంటి మధ్య ఇరుక్కున్న రాయి తీసేయాలి. చక్రం నట్టు చుట్టూ గీతలా జారిన తుప్పు మరక కనిపిస్తే ఆ నట్టు వదులైందని గుర్తు. చక్రం మార్చిన బండికి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాల్సిందే.

క్లచ్చి, గేర్ల దగ్గర లోడు అసలు రంగు బయటపెడుతుంది. ఖాళీ లారీ సెకండ్ గేరులో కూడా నెమ్మదిగా కదిలిపోతుంది. లోడుతో ఎత్తు మీద అదే చేస్తే హాఫ్ క్లచ్చిలో ఎక్కువసేపు నిలపాల్సి వస్తుంది, కాలిన వాసన మొదలవుతుంది. ఎత్తు మీద బయల్దేరేటప్పుడు హ్యాండ్ బ్రేకు పట్టే ఉండాలి. ఫస్ట్ గేరు వేసి, కొద్దిగా రేస్ ఇచ్చి, ఇంజను చప్పుడు మారి క్యాబిన్ ముక్కు కాస్త లేచినట్టు అనిపించేదాకా క్లచ్చి వదలాలి. అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలితే బండి వెనక్కి జారదు. బండి కదలగానే కాలు క్లచ్చి మీంచి పూర్తిగా తీసేయాలి. పెడల్ మీద పాదం ఆనించి నడపడం చెడ్డ అలవాటు.

ఎత్తు ఎక్కుతూ గేరు తగ్గించడంలోనూ అంతే. లోడు బండి ఊపు గబగబా చచ్చిపోతుంది. ఇంజను దడదడలాడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం, గేరు పడేలోగా బండి ఇంకా నెమ్మదించి ఆ గేరూ చాలదు. పాత రకం గేరు పెట్టెలో డబుల్ క్లచ్చి తప్పదు: క్లచ్చి నొక్కి న్యూట్రల్, క్లచ్చి వదిలి కొంచెం రేస్, మళ్లీ క్లచ్చి నొక్కి కింది గేరు. గర్రుమంటే బలవంతం చేయకూడదు, రేస్ చాలలేదన్నమాట. గేరు తప్పి న్యూట్రల్‌లో ఉండిపోతే ఎత్తు మీద వెతుక్కోవద్దు. బ్రేకేసి ఆపి, ఫస్ట్ నుంచి మొదలుపెట్టడమే.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఘాట్ రోడ్డు దిగడం మీద పెట్టాలి. ఖాళీ బండితో నేర్పలేనిదంటూ ఉంటే ఇదే. ఆ 28 టన్నుల లారీ 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగేసరికి పుట్టే శక్తి దాదాపు 80 లీటర్ల చన్నీళ్లను మరిగించే స్థితికి తేగలదు. ఇంజను ఆ భారం మోయకపోతే అందులో చాలాభాగం బ్రేకు డ్రమ్ముల్లోకే పోతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, దాన్ని లోపలినుంచి నొక్కే బ్రేకు షూకు దూరమవుతుంది, షూ మీది లైనింగుకు పట్టు తగ్గుతుంది. షూకూ డ్రమ్ముకూ మధ్య సందును సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు సరిగ్గా లేకపోతే చాంబరు రాడ్డు పూర్తిగా బయటికొచ్చినా షూ డ్రమ్మును గట్టిగా నొక్కలేదు. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే ఇవేవీ పెడల్‌లో తెలియవు. కారులో బ్రేకు బలహీనపడితే కాలికి తెలిసే వీలుంది. ఎయిర్ బ్రేకు పెడల్ కింద ఉండేది వాల్వు స్ప్రింగు మాత్రమే, డ్రమ్ము ఎంత కాలినా పాదానికి అదే బిగువు. కాబట్టి ముక్కునూ, వేగం ముల్లునూ నమ్ముకోవాలి. నొక్కినంతకు తగ్గట్టు వేగం పడటం లేదంటే డ్రమ్ములు కాగుతున్నాయి.

దిగడం మొదలుపెట్టకముందే, పైనే, గేరు తగ్గించాలి. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే అనే పాత లెక్క ఇప్పటి లారీలకు చాలకపోవచ్చు, ఇంకొకటి తగ్గించడం మేలు. మధ్యలో తగ్గిద్దామంటే ఇంజను వేగం కలవక గేరు పడదు, తీసిన గేరూ తిరిగి పడదు, బండి న్యూట్రల్‌లో పరుగెడుతుంది. ఇంజను పొగకు అడ్డుకట్ట వేసి బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు ముందే వేసి పెట్టుకోవాలి, జారే రోడ్డు మీద ఖాళీ బండికైతే దాన్ని ఆపేయాలి. ఆ వాలుకు 40 కిలోమీటర్లు తగిన వేగమని అనుకుంటే, ముల్లు 40కి రాగానే బ్రేకు గట్టిగా నొక్కి సుమారు మూడు సెకన్లలో 32కి దించి పూర్తిగా వదిలేయాలి. మళ్లీ 40కి వచ్చాక మళ్లీ అంతే. కాలు మెల్లగా ఆనించి పొడుగునా పట్టుకుని దిగితే డ్రమ్ముకు చల్లారే సందు దొరకదు. టకటకా పదేపదే తొక్కితే కంప్రెసర్ నింపేదానికంటే వేగంగా గాలి ఖర్చవుతుంది. డ్రమ్ములు బాగా కాగినప్పుడు ఆపాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేయకుండా చదునులో చక్రాలకు దిమ్మలు పెట్టి చల్లారనివ్వాలి.

మామూలు రోడ్డు మీద కూడా ఒక లెక్క గుర్తుండాలి. పెడల్ నొక్కాక గాలి చివరి చక్రందాకా చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆ అర సెకనులో లారీ 8 మీటర్లు పోతుంది, బ్రేకు ఇంకా పట్టకుండానే. ముందు బండికి దూరం లారీ పొడవులో ప్రతి 3 మీటర్లకూ ఒక సెకను చొప్పున, వేగం 60 దాటితే ఇంకో సెకను కలుపుకుని ఉంచాలి.

మలుపుల్లో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు. ముందూ వెనకా ఇరుసుల మధ్య 6 మీటర్లున్న లారీ ముందు చక్రాన్ని 12 మీటర్ల వ్యాసార్ధంలో తిప్పితే వెనక చక్రం దానికంటే సుమారు 1.6 మీటర్లు లోపలికి కోస్తుంది. సైకిలు, దాని మీది మనిషి పూర్తిగా పట్టేంత జాగా అది. అందుకే మలుపు ఆలస్యంగా మొదలుపెట్టాలి. వెనక భాగాన్ని లోపలి అంచుకు దగ్గరగా ఉంచితే ఆ సందులోకి ఎవరూ దూరరు. వెనక ఇరుసు దాటి పొడుచుకొచ్చిన తొట్టి తోక మాత్రం తొలుత రెండోవైపుకు ఊగుతుంది, కాబట్టి ఆ అద్దమూ చూడాలి. బంపరు కింద ముందు భాగం, క్లీనర్ వైపు తలుపు పక్క, తొట్టి వెనక అద్దాల్లో కనపడవు. ఎత్తుగా పేర్చిన లోడుతో వేగం మలుపులోకి దిగకముందే తగ్గించాలి. లోపల బ్రేకేస్తే బరువు ముందుకూ పక్కకూ ఒకేసారి తూలుతుంది.

రివర్సులో తప్పులన్నీ ఎక్కువ తిప్పడం వల్ల, ఆలస్యంగా తిప్పడం వల్ల వస్తాయి. ట్రైలర్ అయితే స్టీరింగ్ అడుగుభాగాన చెయ్యి పెట్టి, ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపమని చెప్పండి, మొదటి రోజుల గందరగోళం చాలావరకు పోతుంది. వంకర ఎక్కువైతే పోరాడకుండా ముందుకెళ్లి సరిచేసుకోవాలి. సందేహమొస్తే దిగి చూడాలి. సాయంగా నిలబడే మనిషి అద్దంలో కనపడకుండా పోతే ఆ క్షణమే బండి ఆపాలి.

పరీక్ష తీరు చోటును బట్టి మారినా, చాలాచోట్ల బండి చూపించడం, రివర్సు, రోడ్డు మీద నడపడం ఉంటాయి. ఈ మూడింటితోపాటు గాలి పరీక్షను అభ్యర్థి చేత్తో చేయించాలని, ఎత్తు మీద బయల్దేరడం, వాలులో దిగడం లోడు బండి మీదే చూడాలని నిబంధనలు రాసేవాళ్లను కోరుతున్నాం. నేర్చుకునేవాళ్లకు: మొదటి వారం ఖాళీతో, తర్వాత సగం లోడుతో, పరీక్షకు ముందు కనీసం పది రోజులు నిండు లోడుతో తిరగండి. ప్రతి పూటా బండి చుట్టూ తిరిగేటప్పుడు ఏం చూస్తున్నారో, అది పాడైతే ఎలా ఉంటుందో పైకి చెబుతూ తిరగండి. పరీక్షాధికారి అడిగేదీ అదే. క్యాబిన్ ఎక్కాక అద్దాలు మూడింటినీ మీ కంటికి సరిచేసుకుని, గాలి ముల్లు పైకి చేరేదాకా హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేయకండి.

ఇట్లు,
భారీ వాహనాల డ్రైవింగ్ శిక్షకులు