నంబర్లు గీకేసిన స్టార్టర్ డబ్బా: ఐటీ, ఎలక్ట్రానిక్స్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను గుంటూరు అరండల్‌పేటలో ఎలక్ట్రానిక్స్ రిపేర్లు చేస్తాను. మిరపకు తడులు పెట్టే రోజుల్లో మా షాపుకు మొబైల్ స్టార్టర్లు ఎక్కువగా వస్తాయి. ఇంటి నుంచి ఫోన్ చేస్తే పొలంలో మోటారు ఆన్ చేసే డబ్బాలివి. కిందటి డిసెంబరులో ప్రత్తిపాడు వైపు రైతు ఒకాయన అలాంటిదే తెచ్చారు. తయారు చేసిన కంపెనీ మూతపడింది. డబ్బా విప్పి చూస్తే ఐసీల (లోపలి చిప్పుల) మీద నంబర్లు గరుకు కాగితంతో గీకేసి ఉన్నాయి. ఏ ఐసీ కాలిందో కనపడుతోంది, దాని బదులు ఏది వేయాలో మాత్రం తెలియదు. ఆ ఒక్క ముక్క కోసం ఆయన తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకుని పొలానికి పోవాల్సి వచ్చింది. తడి నేల, పాములు, త్రీఫేజ్ కరెంటు. డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

ప్రజల డబ్బుతో తయారయ్యే పరికరం డిజైన్ ప్రజలకు అందాలి. నేను అడిగేది ఇదే.

సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చూసి, మార్చి వాడుకోవచ్చనే ఓపెన్ సోర్స్ లైసెన్సులు కాపీరైటు మీద నిలబడతాయి. సర్క్యూట్ బోర్డు విషయంలో కాపీరైటు డ్రాయింగు వరకే. అది పనిచేసే తీరు పేటెంటు పరిధిలోకి పోతుంది. అందుకే జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థ 2011లో హార్డ్‌వేర్ కోసమే ఒక లైసెన్సు తెచ్చింది. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో మూడు రకాలున్నాయి. ఒకదాంట్లో తీసుకున్నవాళ్లు తమ మార్పులు బయటపెట్టనక్కర్లేదు. గట్టి రకంలో, మార్చి అమ్మితే మార్చిన డిజైన్ కూడా కొన్నవాళ్లకు అందాలి. ఇంకొకటి ఈ రెండింటికీ మధ్యది. సర్కారు గ్రాంటుతో చేసినవాటికి గట్టిదే పెట్టండి. ఐఐటీ మద్రాసు తన శక్తి ప్రాసెసర్ డిజైన్‌ను షరతులు పెద్దగా లేని బీఎస్‌డీ లైసెన్సు కింద ఇచ్చింది. చిప్పులకు అది సరే. రైతు డబ్బాకు చాలదు, గీకేసే చెయ్యి మళ్లీ గీకేస్తుంది.

ఇక డబ్బు సంగతి. సాఫ్ట్‌వేర్ కాపీకి ఖర్చుండదు, బోర్డు మాత్రం ఎన్ని చేస్తే అన్నిటికీ సామాను కొనాలి. బోర్డు మీద కరెంటు పోయే ఒక్క గీత (ట్రాక్) తప్పు గీస్తే బ్యాచ్ మొత్తం చెత్తలోకే. నేను కీక్యాడ్ అనే బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా స్టార్టర్ బోర్డు గీసి మూడుసార్లు చేయించాను. సేఫ్టీ టెస్టింగ్ దాకా వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. గ్రాంటు కోసం ఒక చోటికి పోతే మొదటి ప్రశ్న పేటెంటు ఉందా అని. డిజైన్ అందరికీ ఇస్తానన్నాను, ఫైలు అక్కడే ఆగింది. తేదీతో సహా బయటపెట్టిన డిజైన్‌కు కొత్తదనం పోతుంది కాబట్టి, దాని మీద రేపు ఇంకొకరు పేటెంటు తెచ్చుకోవడం కష్టం. అదీ ఒక రక్షణే కదా!

టెస్టింగ్ ఖర్చు ప్రభుత్వం భరించాలి. మొదటి కొన్ని వందల పీసులు కొనాలి. టెండర్లలో సర్క్యూట్, విడిభాగాల జాబితా, ప్రోగ్రాం అప్పగించాలన్న షరతు పెట్టాలి.

డిజైన్ ఇచ్చేస్తే కంపెనీ ఎలా బతుకుతుంది అంటారు. 2005లో ఇటలీలో మొదలైన, ప్రోగ్రాం రాసి వాడుకునే చిన్న బోర్డులు చేసే ఆర్డుయినో, బోర్డు డ్రాయింగులు అందరికీ ఇచ్చి, పేరును మాత్రం ట్రేడ్‌మార్కుగా తన దగ్గరే ఉంచుకుంది. కాపీలు ఎన్ని వచ్చినా అసలుది కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. మన విజయవాడ ఆటోనగర్ చూడండి. ఒక షెడ్డులో నేర్చుకున్న పని పక్క షెడ్డులో పెట్టుకుంటారు, ఇద్దరికీ గిరాకీ ఉంటుంది.

నా బోర్డు డ్రాయింగులు సిద్ధంగా ఉన్నాయి. సెర్న్ గట్టి లైసెన్సు కింద మీ శాఖకు ఇస్తాను. మళ్లీ మిరప నాట్లు పడేలోపు టెస్టింగ్‌కు దారి చూపించండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్,
అరండల్‌పేట, గుంటూరు