సౌండ్ తీసేసి సినిమా చూశారా

ఒరేయ్ కత్తెరా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నానంటే నువ్వు ఇప్పటికే నన్ను నానా తిట్లూ తిట్టుకుని ఉంటావు, తిట్టుకో, ఏం కాదు. ఇక్కడ అందరూ బాగున్నారు, అమ్మ మోకాలు పర్లేదు, ఉద్యోగం అదే, మేనేజరూ అదే, అక్క పిల్లాడితో వచ్చి ఉంది. అయిపోయాయి ఇంటి సంగతులు. ఇప్పుడు అసలు సంగతి, ఇది నీకు చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది, వేరేవాళ్ళకి చెప్తే నాకు పిచ్చి పట్టిందనుకుంటారు.

మొన్న రాత్రి నిద్ర పట్టక '12 యాంగ్రీ మెన్' పెట్టా, పన్నెండు మంది జ్యూరీ ఒకే గదిలో కూర్చుని హత్య కేసులో తీర్పు తేల్చే ఆ సినిమా. అవును అదే, మళ్ళీ అదే, నవ్వకు. అక్క వాళ్ళ బుడ్డోడు హాల్లోనే పడుకుంటాడు, వాడు లేచాడంటే ఇల్లంతా లేచినట్టే, హెడ్‌ఫోన్సేమో ఒక చెవి చచ్చిపోయి ఉంది. సరే డైలాగులన్నీ ఎలాగూ నోటికి వచ్చినవే కదా అని సౌండ్ మొత్తం తీసేశా, సబ్‌టైటిల్స్ కూడా తీసేశా. కాసేపు చూసి పడుకుందామని. పడుకోలేదురా. చివరిదాకా చూశా, చూసి వెంటనే మొదట్నుంచి మళ్ళీ పెట్టా.

ఏమైందంటే, ఒకచోట టక్కున పాజ్ కొట్టాను. పైకప్పు కనిపిస్తోంది! ఆ గదికి పైకప్పు ఉందన్న సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే మొదట్లో కెమెరా వాళ్ళ తలలకంటే పైన ఉంది, మనం పైనుంచి చూస్తున్నాం, గది పెద్దగా, అందరూ చిన్నగా. మధ్యకొచ్చేసరికి కెమెరా కళ్ళ ఎత్తుకి దిగింది. చివర్లో కిందికి వెళ్ళిపోయింది, అందుకే వాళ్ళ తలల మీద పైకప్పు వచ్చి కూర్చుంది. డైరెక్టర్ లుమెట్ తన 'మేకింగ్ మూవీస్' పుస్తకంలో ఇదంతా రాశాడురా, నేను ఎప్పుడో చదివిందే, చదివి "ఆహా" అనుకుని ఊరుకున్నా, కంటితో చూడలేదంతే. లెన్సులు కూడా అంతే, సినిమా ముందుకెళ్ళేకొద్దీ పొడుగు లెన్సులు వాడుతూ పోయాడు, దాంతో వెనక గోడలు దగ్గరికి జరిగినట్టు ఉంటాయి. గది అంగుళం మారలేదు, మనకి మాత్రం ఊపిరాడదు. ఆఖర్న అందరూ బయటికొచ్చే షాట్‌కి అంతా విశాలంగా చూపించే వైడ్ లెన్సు వేసి, కెమెరాని మళ్ళీ బాగా పైకెత్తాడు. అందుకేరా మనిద్దరం ప్రతిసారీ అక్కడ "హమ్మయ్య" అనేది! తీర్పు వల్ల అనుకున్నాం కదా ఇన్నాళ్ళూ, సగం లెన్సు వల్ల!

ఇంకోటి విను. అది 1957లో వచ్చింది, లుమెట్‌కి అదే మొదటి సినిమా. రెండు వారాలు రిహార్సల్స్, షూటింగ్ మూడు వారాల లోపే. మాటిమాటికీ లైట్లు మార్చే టైమ్ లేక, ఒక వైపుకి లైటింగ్ పెడితే ఆ వైపు షాట్లన్నీ కథ వరుసతో పని లేకుండా ఒకేసారి తీసేసేవాడట. అంటే ఒకడు మొదటి సీన్లో చూసే చూపూ, చివర్లో చూసే చూపూ పక్కపక్కనే తీసి ఉంటారు. అయినా ఆ చెమట, ఆ చిరాకు ఎక్కడా తెగలేదు చూడు, ఎలా చేశార్రా బాబూ.

సరే, మాటల సంగతికి వస్తా. నువ్వు ఎప్పుడూ అనేది ఏంటి, "మాటలు తీసేస్తే ఆ సినిమాలో ఏముంది, పన్నెండు కుర్చీలు" అని. ఒప్పుకున్నా కూడా నేను. ఆ జ్యూరీలో పదో నంబరు ముసలాయన (అందులో అందరికీ నంబర్లే కదా), "వీళ్ళంతా ఇంతే" అని మురికివాడల వాళ్ళందరినీ కలిపి నోరు పారేసుకునే సీన్ ఉంది కదా, అది సౌండ్ లేకుండా చూడు. ఒకడు లేచి పక్కకెళ్ళి వీపు తిప్పుతాడు. ఇంకొకడు. ఇంకొకడు. ఆయన నోరు ఆడుతూనే ఉంటుంది, చేతులు గాల్లో తిరుగుతూనే ఉంటాయి, వినేవాడు తగ్గిపోతుంటాడు. సౌండ్ ఉన్నప్పుడు మనం ఆయన్ని వింటాం, కోపం వస్తుంది. సౌండ్ లేనప్పుడు వీపులే కనిపిస్తాయి, నిజం చెప్పాలంటే కాస్త జాలి కూడా వేసింది, అది నాకు నచ్చలేదు, ఎందుకు వేసిందో ఇంకా ఆలోచిస్తున్నా, నీకేమైనా తడితే రాయి.

ఆ తర్వాత మూడో నంబరు, కొడుకు ఫొటో చించేసి ఏడుస్తాడు, అందరూ వెళ్ళిపోతారు, హెన్రీ ఫోండా మాత్రం వెనక్కొచ్చి ఆయన కోటు తీసి తొడుగుతాడు. అంతసేపు ఎదురెదురుగా కొట్టుకున్నవాళ్ళు. అక్కడ ఎలాగూ మాట లేదు, తేడా ఏముందిలే అనుకున్నా. ఉందిరా. గంటన్నర నిశ్శబ్దం తర్వాత వచ్చిన నిశ్శబ్దం వేరే.

అన్నట్టు ఆ నాలుగో నంబరు, కోటు విప్పకుండా, చెమట పట్టదని గొప్పగా చెప్పుకునే ఆయన, కొన్ని రోజుల కింద చూసిన సినిమా పేరు, యాక్టర్ల పేర్లు అడిగితే తడబడి నుదురు తుడుచుకుంటాడే, అక్కడ నేను గట్టిగా నవ్వేశా (బుడ్డోడు కదిలాడు, లేవలేదు, దేవుడున్నాడు). అదే ప్రశ్న నిన్ను అడిగి ఉంటే మేకప్ అసిస్టెంట్ పేరు దాకా చెప్పి జడ్జిని కూడా నిద్రపుచ్చేవాడివి. మన 'టైటిల్స్ అయ్యేదాకా లేవకూడదు' చట్టం ఆయనకి వర్తించదన్నమాట.

ఇంక ఆగలేదు. 1957 అనగానే ఏం గుర్తొస్తుంది? మర్నాడు 'మాయాబజార్' పెట్టా, మ్యూట్‌లోనే. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చాక సావిత్రిని చూడరా. మాట వినిపించకపోతే ఎస్వీఆర్ తప్ప ఇంకేం కనిపించదు, భుజాలు ఆయనవే, నడక ఆయనదే, అంతలోనే సిగ్గు ఒలకబోస్తుంది, మళ్ళీ ఆయనైపోతుంది. ఫ్రేములో ఎస్వీఆర్ లేడు, ఉన్నాడు. ఎవరికి ఇష్టమైంది వాళ్ళకి చూపించే ఆ ప్రియదర్శిని పెట్టెలో కృష్ణుడికి శకుని కనిపించినప్పుడు ఎన్టీఆర్ మొహం కూడా చూడు, ఒక్క మాట అక్కర్లేదు. లాహిరి పాటలో ఆ వెన్నెలంతా కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే చేసిన మాయ, పాట లేకుండా చూస్తే కళ్ళు నీళ్ళ మీదే ఉంటాయి. నువ్వైతే ఆ పాట కూడా ముందుకి లాగేస్తావు, కత్తెర పేరు ఊరికే పెట్టలేదు.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఈమధ్య ఆయనకి వినపడటం బాగా తగ్గిందిరా, నీకు చెప్పలేదు. టీవీ సౌండ్ పెంచుతుంటే మేమందరం విసుక్కునేవాళ్ళం. ఆ రోజు సౌండే లేదు కదా, మేమిద్దరం సమానం. పెళ్ళి పీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కే చోటికి రాకముందే ఆయన నవ్వడం మొదలుపెట్టారు. మధ్యమధ్యలో పింగళి రాసిన మాటలు నాన్నే చెప్తున్నారు, పొల్లు పోకుండా, ముందుగానే. ఇది రాస్తుంటే కొంచెం... సరే వదిలెయ్, కలిసినప్పుడు చెప్తా.

ఇప్పుడు నువ్వు గెలిచే పాయింట్ నేనే ఇస్తా, తీసుకో. మాటల్లేని సినిమా అయితే మ్యూట్‌లో ఇంకా బాగుంటుంది కదా అనుకుని 'పుష్పక విమానం' పెట్టా. 1987, సింగీతం శ్రీనివాసరావు, కమల్ హాసన్, ఒక్క డైలాగు లేదు. ఆ సింగీతం ఎవరు, 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి దగ్గర అసిస్టెంటుగా పని నేర్చుకున్నాయన! ముప్ఫై ఏళ్ళకి మాటే లేకుండా సినిమా తీశాడు. కానీ మ్యూట్‌లో పెడితే సినిమా చచ్చిపోయిందిరా. లాడ్జి గోలకి అలవాటు పడ్డ కుర్రాడు పెద్ద హోటల్ గదిలో నిద్ర పట్టక, ఆ గోలని రికార్డు చేసుకొచ్చి పెట్టుకుని హాయిగా పడుకుంటాడు కదా, ఆ జోకు మొత్తం చెవిలోనే ఉంది. మాట తీసేశాడు కాబట్టి చప్పుడు మీద బతికాడు ఆయన. మాటలతో నిండిన సినిమా మ్యూట్‌లో నిలబడింది, మాటల్లేనిది పడిపోయింది. తల తిరిగిపోయింది నాకు.

అప్పుడు 'సిటీ లైట్స్' గుర్తొచ్చింది. 1931, అప్పటికి టాకీలు వచ్చేశాయి, చాప్లిన్ మాత్రం సంగీతం పెట్టుకుని మాట పెట్టలేదు. అందులో కథంతా దేని మీద నిలబడిందో ఆలోచించు: కారు తలుపు చప్పుడు మీద! మనవాడు పోలీసు నుంచి తప్పించుకోడానికి ఆగి ఉన్న కారులోంచి దూరి ఇటు దిగుతాడు, తలుపు పడిన చప్పుడు విని పూలమ్మే గుడ్డి పిల్ల ఎవరో ధనవంతుడు అనుకుంటుంది. ఆ చప్పుడు మనకి వినపడదు. ఆ పిల్ల తల తిప్పడంలో వింటాం. ఒక మూకీలో, చూపు లేని మనిషికి, చెవితో కలిగిన భ్రమ... దీని మీద ఇంకా ఏదో చెప్పాలని ఉంది కానీ మాట దొరకట్లేదు. ఆఖర్న చెయ్యి పట్టుకుని గుర్తుపట్టే చోటు గురించి రాయను, నువ్వు మళ్ళీ చూడు, చూసి అర్ధరాత్రైనా ఫోన్ చెయ్.

ఇంక నీకు పని చెప్తా. 'రియర్ విండో' సౌండ్ తీసేసి చూసి రాయి. కాలు విరిగి కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూస్తుండే జేమ్స్ స్టూవర్టుకి కూడా ఎదురిళ్ళ వాళ్ళ మాటలు సరిగ్గా వినపడవు కదా, అంటే ఆయన కూడా మనలాగే సగం మ్యూట్‌లోనే చూస్తున్నాడని నా అనుమానం, కానీ అవతల ఆ పియానో వాయించే అతను ఉన్నాడు చూడు, అక్కడే నా లెక్క తప్పుతోంది, ఎందుకంటే ఆ పాట

అయ్యో క్యాబ్ వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నాడు, ఈ కవరు దారిలో పోస్టు చెయ్యాలి, మిగతాది మళ్ళీ రాస్తా.

నీ రీలుగాడు