యాంగ్‌చిన్ శ్రుతికి ఇకపై మూడు రోజులు

సింగపూర్‌లో పిల్లల్ని స్కూలు చైనీస్ ఆర్కెస్ట్రాలో చేర్పించి, మా షాపులో యాంగ్‌చిన్ (తీగల మీద పుల్లలతో కొట్టి వాయించే చైనా వాయిద్యం) అద్దెకు తీసుకున్న మనవాళ్లందరికీ ఈ మాట చెప్పాలి.

పోయిన నెల జరిగిన తప్పు నాదే. "పొద్దున ఇవ్వండి, సాయంత్రం పట్టుకెళ్లండి" అని బోర్డు పెట్టింది నేనే. ఆ తొందరలో ఒక పాప వాయిద్యాన్ని ఒక్కసారే శ్రుతి చేసి పంపేశాను. మర్నాడు రిహార్సల్లో స్వరాలన్నీ దిగిపోయాయి. వాళ్లమ్మ ఫోన్ చేసి, "అన్నా, పాప ఏడుస్తోంది" అన్నారు. డబ్బులు తిరిగిచ్చేశాను. అయినా ఆ మాట మనసులోంచి పోలేదు.

ఆర్కెస్ట్రాలో ఎర్‌హు, అంటే రెండు తీగల చైనా ఫిడేలు, వాయించేవాళ్లు శ్రుతి కాస్త తప్పినా వేలు జరిపి సరిచేసుకుంటారు. యాంగ్‌చిన్‌కి ఆ వీలు లేదు. పైగా అది ఉండేది బృందం మధ్యలో, వెదురు పుల్లలతో గబగబా స్వరాలు రాలుస్తూ అందరికీ ఆసరాగా. అది తప్పితే దాచుకోవడానికి చోటుండదు.

యాంగ్‌చిన్ 402 మోడల్లో 144 తీగలుంటాయి. పై స్వరాల్లో ఒక్కోదానికి నాలుగైదు తీగలు కలిసి ఒకటిగా మోగాలి. వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి తగ్గినా ఆ స్వరం జీరబోతుంది. ఒక వరస బిగిస్తే తీగల కింది చెక్క పలక మీద బరువు పెరిగి, అంతకుముందు చేసినవి దిగుతాయి. ఎడమవైపు బ్రిడ్జి, అంటే తీగల్ని ఎత్తి పట్టే చెక్క, ఇంకో తలనొప్పి. అక్కడ ఒకే తీగ బ్రిడ్జికి ఒక పక్క "స" అయితే రెండో పక్క "ప" పలకాలి. బ్రిడ్జి కొద్దిగా జరిగితే చాలు, ఆ రెంటికీ పొత్తు కుదరదు. అందుకే మూడు రోజులు, మూడు విడతలు. ధర మాత్రం పెంచడం లేదు.

"ఇది మన సంతూరే కదా?" అని ఒక నాన్నగారు అడిగారు. దూరపు చుట్టమే. మింగ్ రాజవంశం కాలం చివర్లో బయటి నుంచి చైనాకు వచ్చింది. మొదట్లో దాని పేరుకే "విదేశీ వాయిద్యం" అని అర్థం. తర్వాత అదే పలుకున్న వేరే అక్షరంతో రాయడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి. పుల్లల చివర రబ్బరు ఊడితే కొత్తవి కొనకండి, తీసుకురండి. ఉచితంగా వేసిస్తాను.