దుకాణంలో దొరకని ఆటకు దొంగతనం ముద్ర ఎందుకు?

సంపాదకుడికి,

గత వారం మీ జిల్లా పేజీలో, హనుమకొండలో విద్యార్థులకు జరిపిన సైబర్ నేరాల అవగాహన సదస్సు వార్త వచ్చింది. పాత వీడియో గేములను ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవడమూ, నిన్న విడుదలైన సినిమాను పైరసీలో చూడటమూ ఒకటేనని ఒక వక్త సెలవిచ్చారట. ఎవరైనా జవాబిస్తారని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ ఇవ్వలేదు.

రెండూ ఒకటి కావు. థియేటర్లో ఆడుతున్న సినిమాను దొంగచాటుగా చూస్తే నిర్మాతకు రావలసిన డబ్బు పోతుంది. కంపెనీ మూతపడి, హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియక, డబ్బు పట్టుకుని తిరిగినా దొరకని గేము వల్ల నష్టపోయేది ఎవరు? చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ కేంద్రాల్లో ఒకప్పుడు పిల్లలు వంతులు వేసుకుని ఆడిన రోడ్‌రాష్ గేమును ఇవాళ ఏ దుకాణంలో కొనాలో ఆ వక్తే చెప్పాలి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలోనే లేవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

చట్టం ఒప్పుకోదు, నిజమే. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా లెక్కిస్తుంది. రచయిత జీవితకాలమంతా, ఆ తరువాత మరో 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. ఫ్లాపీలు, సీడీలు అన్నేళ్లు నిలవవు. హక్కు తీరే నాటికి దాచుకోవడానికి ఆటే మిగలదు. 2012లో చట్టాన్ని సవరించి, భద్రపరచడం కోసం గ్రంథాలయాలు డిజిటల్ ప్రతి ఉంచుకోవచ్చన్నారు. అయితే తమ దగ్గర ముందే డిజిటల్ కాని ప్రతి ఉండాలని షరతు పెట్టారు. సీడీ మీదే పుట్టిన గేముకు అలాంటి ప్రతి ఎక్కడి నుంచి వస్తుంది? ఇది రాసినవారు ఒక్క గ్రంథపాలకుడినైనా అడిగి ఉంటే బాగుండేది.

డూమ్ అనే గేము సోర్స్ కోడ్‌ను, అంటే ఆటను నడిపే ప్రోగ్రాము మూలపాఠాన్ని, దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీ 1997లోనే అందరికీ ఇచ్చింది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేము తొలి కోడ్‌ను దాని రూపకర్త జోర్డాన్ మెక్‌నర్ 2012లో బయటపెట్టారు. వారిది పెద్ద మనసు. మరోవైపు యుబిసాఫ్ట్ కంపెనీ 2024లో ద క్రూ అనే తన గేమును నడిపే సర్వర్లు ఆపేయడంతో, డబ్బు కట్టి కొన్నవారికి కూడా ఆ ఆట లేకుండా పోయింది. సదస్సులో దీని గురించి ఒక్క మాటైనా అన్నారా?

గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక ఇంకో మాట కూడా చెప్పాలి. నిజాం ఏలుబడిలో, 1904లో, మన ఊరి పెద్దలు తెలుగు పుస్తకం కోసం రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయాన్ని నిలబెట్టారు. ఇప్పుడు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తూనే ఉన్నారు. గ్రంథాలయాలు మాత్రం పోటీ పరీక్షలకు చదువుకునే గదులుగా మిగిలాయి. పాత పత్రికల కట్టలకే దిక్కు లేనప్పుడు సీడీలను ఎవరు పట్టించుకుంటారు? గేమింగ్ పరిశ్రమ కోసం రాష్ట్రం 2016లో ‘ఇమేజ్’ అనే విధానం ప్రకటించింది. కొత్తవారిని పిలవడం మంచిదే. పాత ఆటలను భద్రపరిచే మాట మన అధికారుల్లో ఎవరి నోటా నేను వినలేదు.

ఇప్పటికీ అమ్మకంలో ఉన్న పాత గేమును డబ్బిచ్చి కొనాల్సిందే. కాపీలు చేసి అమ్ముకునేవాడిని శిక్షించాల్సిందే. ఊరూ పేరూ లేని సైట్ల నుంచి వైరస్ వస్తుందని వక్త చేసిన హెచ్చరికనూ కాదనను. కానీ ఎక్కడా దొరకని ఆటను దాచుకున్న కుర్రవాడిని దొంగల వరసలో నిలబెట్టడం అన్యాయం. ఆ మాటను అదే విద్యార్థుల ముందు సరిదిద్దాలి. 2012 సవరణలోని ఆ షరతు తొలగించాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. ఈ లేఖను కత్తిరించకుండా ప్రచురించవలసిందిగా మనవి.

– విశ్రాంత గ్రంథపాలకుడు, సుబేదారి, హనుమకొండ