బడితోట మెంతికూర గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

శుక్రవారం మధ్యాహ్న భోజనంలో మన బడితోట మెంతికూరతో పప్పు వండించాం. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో "పిల్లలకు చేదు కూర పెట్టారు", "చదువు మాన్పించి మట్టి పని చేయిస్తున్నారు" అని మాటలు మొదలయ్యాయి. అందుకే ఈ లేఖ.

ఆ మడి వేసింది ఏడో తరగతి పిల్లలు, సైన్సు పీరియడ్‌లో. రాత్రంతా నానిన మెంతులు చల్లి, పైన పలచగా మట్టి కప్పారు. చేతులు కడిగే కుళాయి నీళ్లు మడికి పారేలా కాలువ తీసింది, లెక్కల్లో వెనకబడ్డాడని మీరూ మేమూ బెంగపడే పిల్లాడే! పీకిన మొక్క వేళ్లకున్న బుడిపెలు చూపించి, గాలిలోని నత్రజని నేలకెలా చేరుతుందో ఒక అమ్మాయి ఆరో తరగతి వాళ్లకు చెబుతుంటే నేను కదలకుండా నిలబడి విన్నాను. ఇది చదువు కాదంటే నేను ఒప్పుకోను.

ఇక చేదు. మెంతికూరకు చేదు సహజం. లేతగా, నెల లోపే కోస్తే తక్కువ. పూతకు వస్తే ఎక్కువ. మన వంటమ్మ కాడలు తీసి, ఇసుక పోయేదాకా కడిగి, ఆకును ముందు నూనెలో మగ్గించి, ఆ తర్వాతే ఉడికిన కందిపప్పులో కలిపారు. చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క వేశారు. తొలి ముద్దకు మొహం చిట్లించిన వాళ్లే మళ్లీ వడ్డించమన్నారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు రోజూ 75 గ్రాముల కూరగాయలు పెట్టాలన్నది మధ్యాహ్న భోజన నియమం. అందులో ఆకుకూర ఉండి తీరాలని నేను పట్టుబడతాను. ప్రార్థనలో కళ్లు తిరిగి కూలబడే ఆడపిల్లలను రోజూ చూస్తున్నదాన్ని.

గౌరవంతోనే అడుగుతున్నాను. "మావాడు ఆకుకూర ముట్టడండీ" అని పిల్లాడి ఎదుటే అంటే వాడెందుకు ముడతాడు? పొద్దున్నే టీ, బిస్కెట్లతో సరిపెట్టి పంపకండి. భోజనంతో పాటు టీ తాగితే కూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. సంచిలో చిప్స్ ప్యాకెట్లు పెట్టడం దయచేసి మానండి. మడిలో పడ్డ ఖాళీ కవర్లు పిల్లలే ఏరుకుంటున్నారు.

 

శనివారం పిల్లలు గుప్పెడు మెంతులు ఇంటికి తెస్తారు. పెరడు లేకపోతే అడుగున చిల్లులు పెట్టిన పాత టబ్బు, బెత్తెడు మట్టి చాలు. వాళ్లనే చల్లనివ్వండి. కోసిన రోజు పప్పు వండి, వాళ్ల పక్కన కూర్చుని మీరూ తినండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు